బీచ్ రోడ్డు కొండల మీద పూసే లాంటానా: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా దాటగానే ఏటా నా ఫోన్‌కి ఒకే రకం ఫోటోలు వస్తాయి. విశాఖ బీచ్ రోడ్డులో కైలాసగిరి కిందనో, రుషికొండ దగ్గరో, తొట్లకొండ మలుపులోనో తీసినవి. వెనుక సముద్రం, ముందు పసుపు, గులాబీ కలిసిన చిన్న చిన్న పూల గుత్తులు. "ఇదేం పువ్వండీ, ఎంత బాగుందో" అనే మాటతో మొదలవుతుంది. "కొమ్మ తెచ్చి ఇంట్లో పాతుకోవచ్చా", "మా బాబు కాయలు తినేశాడు", "కొట్టేస్తే మళ్లీ వచ్చింది" దాకా వెళ్తుంది.

సాగర్ నగర్ వైపు ఒక కొండవాలులో, స్థలం వాళ్ల అనుమతితో, ఏడేళ్లుగా కొంతమందిమి ఆదివారాలు ఈ తుప్పలు తీస్తున్నాం. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటి చదువుకున్నా సరిపోతుంది.

## పూలు కంటపడినప్పుడు

ఈ పువ్వు పేరేంటి? మన మొక్కేనా?

దీని పేరు లాంటానా. శాస్త్రీయ నామం లాంటానా కమారా. తెలుగులో తలంబ్రాల మొక్క అని, పులికంప అని పేర్లున్నాయి. రాలిన పూలు నేల మీద చల్లినట్టు పడి ఉండడం చూస్తే తలంబ్రాల పేరు ఎంత అతికినట్టుందో అనిపిస్తుంది.

ఇది మన నేల మొక్క కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల్లోని ఉష్ణ ప్రాంతాలు. 1800ల మొదట్లో బ్రిటిష్ వాళ్లు అందం కోసం కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి తెప్పించారు. అక్కడి నుంచి బంగళాల తోటల్లోకి, కంచెల్లోకి వెళ్లింది. ఆ కంచెల నుంచి పక్షులు అడవికి మోశాయి. ప్రపంచంలో అతి ఎక్కువ హాని చేసే 100 దురాక్రమణ జాతులంటూ ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఇచ్చిన జాబితాలో ఇదీ ఉంది.

గుర్తుపట్టడం తేలికే. ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి, అంచు రంపపు పళ్లలా ఉంటుంది, తడిమితే గరుకు. లేత కొమ్మ నాలుగు పలకలుగా ఉండి చిన్న ముళ్లతో గీరుకుంటుంది. ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది. ఒకసారి చూస్తే ఆ వాసన మరి మర్చిపోరు.

ఒకే గుత్తిలో రెండు మూడు రంగులు ఎలా వస్తాయి?

మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఇరవై, ముప్ఫై చిన్న పూల గుత్తి. అంచున ఉన్నవి ముందు విచ్చుకుంటాయి, మధ్యలోవి తర్వాత. విచ్చుకున్నప్పుడు పువ్వు పసుపు రంగులో ఉంటుంది. పరాగ సంపర్కం జరిగాక గులాబీకో, నారింజకో, ఎరుపుకో తిరుగుతుంది. అందుకే మధ్యలో పసుపు, చుట్టూ ముదురు రంగు. తేనె ఎక్కువగా పసుపు పూలలోనే ఉంటుంది. సీతాకోకచిలుకలు కూడా పసుపు పూల మీదే వాలడం నిలబడి పది నిమిషాలు చూస్తే మీకే తెలుస్తుంది.

ఏ నెలల్లో ఎక్కువ పూస్తుంది?

జూన్, జూలై వానలకు చిగురు వేసి ఒక విడత పూస్తుంది. అసలు పూత సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. మన విశాఖకి నైరుతి వానలూ పడతాయి, అక్టోబర్‌లో బంగాళాఖాతం వాయుగుండాల వానలూ పడతాయి. ఆ రెండో విడత తడికి కొండవాలులన్నీ రంగెక్కుతాయి. సముద్రపు తేమ ఉండే చోట సంక్రాంతి దాటాక కూడా పూలు కనిపిస్తాయి. ఏప్రిల్, మే ఎండలకు ఆకు రాల్చి కట్టెపుల్లల్లా మారిపోతుంది. చచ్చిపోయిందని అనుకోకండి, మొదటి వానకే లేస్తుంది.

ఇసుకలో పాకే ఊదా పూల తీగ కూడా ఇదేనా? పీకేయాలా?

దయచేసి పీకొద్దు. అది బాలబంది తీగ. ఆకు మేక గిట్టలా రెండుగా చీలి ఉంటుంది, పువ్వు గరాటు ఆకారంలో లేత ఊదాగా పొద్దున పూట విచ్చుకుంటుంది. అది మన తీరం సొంత మొక్క. ఉప్పు గాలిని, కాలిపోయే ఇసుకను తట్టుకుంటూ, వేళ్లతో ఇసుకను పట్టి ఉంచుతుంది. దాని పక్కనే బంతుల్లా గుండ్రంగా ముళ్ల కంకులతో కనిపించే రావణాసురుడి మీసాల గడ్డి, మొగలి పొదలు కూడా ఈ తీరానివే. "బీచ్ క్లీనింగ్" పేరుతో చెత్తతో పాటు ఈ తీగను కూడా కుప్పలుగా పీకి పడేయడం నేను రెండుసార్లు చూశాను. మనసు చివుక్కుమంది. ప్లాస్టిక్ ఏరండి, తీగను వదిలేయండి.

వయ్యారిభామ, ఇదీ ఒకటేనా?

కాదు. వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి అనేది) తెల్లటి చిన్న పూలతో, చామంతి ఆకులాంటి చీలికల ఆకులతో నడుము ఎత్తు దాకా పెరిగే మెత్తటి మొక్క. ఖాళీ ప్లాట్లలో, రోడ్డు పక్కన ఉంటుంది. చర్మం మీద దద్దుర్లు, ఆయాసం తెప్పించేది ముఖ్యంగా అదే. లాంటానా గట్టి కట్టె ఉన్న తుప్ప, మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది, చెట్టు దొరికితే పైకి ఎగబాకుతుంది. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఆ పోలిక తప్ప వాటికి చుట్టరికం లేదు.

మన కొండల మీదికి ఇంత ఎలా వచ్చింది? చిన్నప్పుడు ఇంత లేదే!

మీ జ్ఞాపకం తప్పు కాదు. లాంటానాకి కావలసినది వెలుతురు, కదిపిన నేల. దట్టమైన చెట్ల నీడలో అది పెద్దగా ఎదగదు. మన తీరంలో ఆ రెండూ దానికి ధారాళంగా దొరికాయి. కొండల్ని తొలిచి రోడ్లు, లేఅవుట్లు వేశాం. వంటచెరకుకు, మేతకు పాత తుప్పలన్నీ కొట్టాం. పశువులు తినని మొక్క కాబట్టి ఇది ఒక్కటే మిగిలింది.

దానికి తోడు 2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆ ఆదివారం నగరంలో పెద్ద చెట్లు ఎన్ని పడిపోయాయో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. కొండలు గోధుమ రంగుకు తిరిగిపోయాయి. కొమ్మలు విరిగి, మాను కూలి, నేల మీద ఎండ పడింది. మట్టిలో అప్పటికే పడి ఉన్న గింజలకు అంతకన్నా ఏం కావాలి? మేం పని చేసే వాలు మీద పడిపోయిన ప్రతి మాను చుట్టూ గుండ్రంగా లాంటానా తుప్ప కనిపించేది. చెట్టు నీడ ఉండిన మేరకే.

## ఉంటే వచ్చే నష్టం

పచ్చగా ఉంది, పూలు పూస్తోంది. ఉంటే ఏమైంది?

దూరం నుంచి పచ్చగానే ఉంటుంది. తుప్ప పక్కకు జరిపి కింద చూడండి. గడ్డి ఉండదు, మొలకలు ఉండవు, ఉత్త ఎండుటాకులు. దీని ఆకుల్లో, వేళ్లలో ఉన్న రసాయనాలు చుట్టుపక్కల గింజల మొలకను అణచివేస్తాయి. దట్టంగా పెరిగి వెలుతురును కూడా మూసేస్తుంది. మన తూర్పు తీరపు కొండల్లో సహజంగా ఉండే బలుసు, వాక్కాయ, పరిమి, తంగేడు, పాలచెట్టు, ఈత పొదలు కొత్త తరం లేక ముసలివై పోతాయి. ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి కాబట్టి నష్టం కంటికి ఆనదు. పదేళ్ల తర్వాత ఆ ముసలి చెట్టు పోయినప్పుడు దాని చోట నిలబడేందుకు పిల్లచెట్టు ఉండదు.

ఇది మన ఊరి ఒక్కదాని గొడవ కాదు. మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా ప్రాంతంలో లాంటానా చొరబడిందని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు 2020లో తేల్చారు. అక్కడ జింకలకు మేత కరువైతే, ఇక్కడ మన ఆవులకు, మేకలకు కరువవుతోంది.

ఇంకొక నష్టం మంట. వేసవిలో ఎండిన లాంటానా సన్నపుల్లలు నేల నుంచి చెట్టు కొమ్మల దాకా నిచ్చెనలా ఉంటాయి. గడ్డి మంట నేల మీద పాకి ఆరిపోతుంది. లాంటానా మంట చెట్టెక్కుతుంది.

సీతాకోకచిలుకలన్నీ దీని మీదే వాలుతున్నాయి. తీసేస్తే వాటికి అన్యాయం చేసినట్టు కాదా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. అడిగేవాళ్లు నిజంగా చూసి అడుగుతారు. అవును, లాంటానా తేనె వాటికి ఇష్టం. కానీ తేనె పెద్ద పురుగుకు తిండి. పిల్ల పురుగుకు ఆకు కావాలి, ఏ ఆకు పడితే ఆ ఆకు అది తినదు. నిమ్మపసుపు, తెలుపు రంగుల్లో గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకలు రేల, తంగేడు జాతి చెట్ల మీద గుడ్లు పెడతాయి. నారింజ రంగు మీద నల్ల అంచు ఉండేది జిల్లేడు మీద పెడుతుంది. నల్ల రెక్కలకు తెల్ల చుక్కల వరుస ఉండేది కరివేపాకు, నిమ్మ జాతి మీద పెడుతుంది. లాంటానా ఆకు మీద వీటిలో ఏదీ బతకలేదు.

తంగేడు, రేల ఉండాల్సిన చోటంతా లాంటానా పరుచుకుంటే హోటల్ ఉండి ఇల్లు లేనట్టే. అందుకే మేం ఒక్కసారిగా మొత్తం వాలు ఖాళీ చేయం. ఒక ముక్క తీసి, అక్కడ పూల మొక్కలు నిలదొక్కుకున్నాక రెండో ముక్కకు వెళ్తాం.

పిల్లలు దీని కాయలు తిన్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

ముందు ఏ కాయ తిన్నారో చూడండి. పచ్చి కాయలు విషం. బాగా పండి నల్లబడినవి పల్లెల్లో పిల్లలు తినడం ఉంది, నేనూ తిన్నాను. అయినా గుత్తిలో పచ్చివీ, పండినవీ కలిసే ఉంటాయి కాబట్టి నేను ఏ పిల్లాడినీ తిననివ్వను. వాంతులు, విరేచనాలు, నీరసం, కంటిపాప పెద్దదవడం, ఊపిరి కష్టమవడం ప్రమాద సూచనలు. అవి కనిపించేదాకా ఎదురుచూడకండి. పచ్చి కాయలు తిన్నారని తెలిసినా, అనుమానం వచ్చినా నోరు కడిగించి, ఒక కొమ్మ కాయలతో సహా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు.

ఆవు ఈ ఆకు తినేసింది. ఏమవుతుంది?

ఆకులో ఉండే లాంటాడిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మామూలుగా ఈ చుట్టుపక్కల పెరిగిన పశువు దీన్ని ముట్టుకోదు. వేసవిలో గడ్డి లేక ఆకలికి తిన్నప్పుడో, వేరే ఊరి నుంచి కొత్తగా కొనుక్కొచ్చిన పశువు తెలియక తిన్నప్పుడో ప్రమాదం జరుగుతుంది. మేత మానేయడం, పేడ పడకపోవడం, కళ్లు పసుపు తిరగడం, ఎండలోకి రాకుండా నీడకు పోవడం, ముట్టె మీద, చెవుల మీద చర్మం ఎర్రబడి ఊడడం, ఇవీ లక్షణాలు. పశువును చీకటి కొట్టంలో ఉంచి, మంచి నీళ్లు పెట్టి, పశువైద్యుణ్ణి పిలవండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబర్ ఉంది. ఆలస్యమైతే కాలేయం కోలుకోదు, సొంత వైద్యంతో రెండు రోజులు పోగొట్టుకోవద్దు.

తుప్పల్లో పాములుంటాయా?

ఉండొచ్చు. ఎలుకలు, అడవి పందులు కూడా దాక్కుంటాయి. చేయి పెట్టే ముందు కర్రతో తట్టి, కాసేపు ఆగండి. మోకాలి దాకా బూట్లు వేసుకోండి.

నర్సరీలో ఇదే మొక్క కుండీల్లో అమ్ముతున్నారు. కొనుక్కోవచ్చా?

నేనైతే కొనను. కాయ కాయని రకాలని చెప్పి అమ్మేవి ఉంటాయి, వాటిలో నిజంగా కాయనివీ ఉన్నాయి. కానీ మన చేతిలో ఉన్న కుండీ ఏ రకమో మనకు తెలిసే దారి లేదు, కొన్ని రకాల పుప్పొడి అడవి లాంటానాతో కలుస్తుంది. కొండకు ఆనుకుని ఇళ్లున్న ఊరు మనది. ఎండాడ డాబా మీద కాసిన కాయ కంబాలకొండ అడవి చేరడానికి ఒక పికిలిపిట్ట చాలు. ఇప్పటికే ఇంట్లో ఉంటే, పూత వాడగానే గుత్తుల్ని కత్తిరించండి, కాయ పడనివ్వకండి. అదే ఎండలో నిండుగా పూసే మొక్క కావాలంటే నూరు వరహాలు, మందార, గోరింట ఉన్నాయి.

## తీయాలని అనుకున్నప్పుడు

ఎక్కడ పడితే అక్కడ తీసేయొచ్చా? ఎవరి అనుమతి కావాలి?

మీ సొంత స్థలంలో మీ ఇష్టం. లేఅవుట్ ఖాళీ జాగా అయితే స్థలం వాళ్లను అడగండి. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యంలోనూ, రిజర్వ్ ఫారెస్ట్ హద్దులున్న కొండల మీదా అటవీ శాఖ అనుమతి లేకుండా కలుపు మొక్కను కూడా పీకకూడదు. తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాల్లో గునపం అసలు దించకూడదు. ఏ ఇటుక మీద పడుతుందో తెలియదు. మంచి పని చేస్తున్నామన్న ధీమాతో గేటు దాటి వెళ్లొద్దు. ముందు ఒక కాగితం రాసి ఇచ్చి, పక్కన ఫారెస్ట్ సిబ్బంది ఉండగా చేస్తే మరుసటి ఏడాది కూడా పిలుస్తారు.

ఎర్రమట్టి దిబ్బల్లో చాలా ఉంది. మా కాలేజీ పిల్లలం వెళ్లి పీకొచ్చా?

వద్దు. మీ ఉత్సాహం చూసి సంతోషమే, కానీ ఆ చోటు వేరు. భీమిలి దారిలో ఉన్న ఆ దిబ్బలు వేల ఏళ్లుగా గాలి, వాన, సముద్రం కలిసి పేర్చిన ఎర్ర ఇసుక. 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరింది. అక్కడి మట్టి చేత్తో గీకితే రాలుతుంది. ఒక తుప్పను వేరుతో లాగితే పడే గుంట తర్వాతి వానకు చిన్న కాలువ అవుతుంది, రెండేళ్లకు లోయ అవుతుంది. అక్కడ ఏం చేసినా భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు నిర్ణయించాలి. మీరు వెళ్తే బాట మీదే నడిచి, చూసి, తెచ్చిన సీసాలు వెనక్కి పట్టుకెళ్లండి.

ఏ కాలంలో తీయడం మంచిది?

పూత నిండుగా ఉన్నప్పుడు, కాయ నల్లబడకముందు. ఇక్కడే అందరి మనసూ వెనకాడుతుంది. అంత అందంగా ఉన్నప్పుడు ఎవరికి చేతులొస్తాయి? "పూలు అయ్యాక తీద్దాం" అంటారు. పూలు అయ్యేసరికి కాయలు పండుతాయి. బాగా ఎదిగిన తుప్ప ఏడాదికి 12,000 కాయల దాకా కాయగలదు. అప్పటికి గింజ పక్షి కడుపులో ఎక్కడో ఉంటుంది, మన చేతిలో ఉండేది ఉత్త కట్టె.

మన తీరానికి ఆగస్టు, సెప్టెంబర్ బాగుంటుంది. నేల తడిగా ఉండి వేరు తేలిగ్గా వస్తుంది. తుఫాను హెచ్చరిక ఉన్న వారం మాత్రం కొండవాలు ముట్టుకోవద్దు, కదిపిన మట్టి అంతా గెడ్డలోకి (కొండ వాగులోకి) పోతుంది.

## తీసేటప్పుడు

కొట్టేస్తే మళ్లీ రెట్టింపు వస్తోంది. సరిగ్గా ఎలా తీయాలి?

మొదటి ఏడాది మేం చేసిన పొరపాటూ ఇదే. కత్తులతో నేలమట్టానికి నరికి, ఖాళీగా కనిపిస్తున్న వాలు చూసి సంబరపడి ఫోటోలు దిగాం. ఆగస్టుకల్లా ఒక్కో మొదలు నుంచి పది కొమ్మలు లేచాయి. లాంటానాకి చిగురించే శక్తి అంతా కాండం, వేరు కలిసే మొదట్లో ఉంటుంది. దాన్ని నేలలో వదిలితే నరకడం కత్తిరింపు చేసి బలం ఇవ్వడమే.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం చెప్పిన పద్ధతి మాకు పనికొచ్చింది. ముందు పై కొమ్మలు కొంత కొట్టి, మొదలు కనిపించేలా దారి చేసుకోండి. మొదలు చుట్టూ మట్టి కాస్త తీసి, నేలమట్టానికి మూడు నాలుగు వేళ్ల కింద తల్లివేరును గునపంతోనో, చిన్న గొడ్డలితోనో తెంచండి. మొదలుతో సహా తుప్ప పైకి వచ్చేస్తుంది. దాన్ని తలకిందులుగా, వేరు ఆకాశం వైపు చూసేలా పెట్టండి. అలా అయితే మట్టి తగలక ఎండిపోతుంది. పక్కకు పడేస్తే మాత్రం నేలను తాకిన కణుపు దగ్గర మళ్లీ వేళ్లు పెడుతుంది. తెంచిన చోట గుంట పూడ్చి కాలితో తొక్కండి.

మోకాలి ఎత్తు లోపు మొక్కలైతే వాన మర్నాడు చేత్తోనే వస్తాయి. తోలు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, ముళ్ల గీతలు వారం దాకా మండుతాయి. వాలు నిటారుగా ఉంటే పై నుంచి కిందకి కాకుండా అడ్డంగా పట్టీలు పట్టీలుగా తీయండి. ఒక పట్టీ తీసి, ఒక పట్టీ వదలండి. ఎంత చెడ్డ మొక్కైనా ప్రస్తుతానికి ఆ మట్టిని పట్టుకుని ఉన్నది అదే.

నిప్పు పెడితే ఒక్కరోజులో అయిపోతుంది కదా?

పైన కనిపించేది అయిపోతుంది. వేరు బతికే ఉంటుంది, వానకు చిగురిస్తుంది. కాలి చచ్చేవి పక్కన ఉన్న బలుసు మొలకలు, పిట్ట గూళ్లు, తొండలు. నేల ఖాళీ అయి, వెలుతురు వచ్చి, బూడిద ఎరువు పడి, లాంటానాకి పీట వేసినట్టవుతుంది. సముద్రపు గాలి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కొండ మీద నిప్పు పెట్టడం నేరం కూడా.

కలుపు మందు కొడితే?

కొండ మీద కొట్టింది వానకు గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి చేరుతుంది. జాలరిపేటల వాళ్లు వల వేసేది అక్కడే. మేం ఏడేళ్లలో ఒక్కసారీ వాడలేదు.

జేసీబీ పెట్టి దున్నించేస్తే?

సమతల స్థలంలో, వెంటనే ఏదైనా నాటే ఏర్పాటు ఉంటే సరే. కొండవాలులో మాత్రం వద్దు. పై మట్టి తిరగబడి, లోపల నిద్రపోతున్న గింజలన్నీ పైకి వస్తాయి. చక్రాల జాడ వెంట నీరు కోస్తుంది. ఆ యంత్రానికి లాంటానా ఏదో, రెండేళ్ల పాలచెట్టు ఏదో తెలియదు.

దీన్ని తినే పురుగులు ఉన్నాయట కదా, వదిలితే పోదా?

ప్రయత్నించారు. 1941లో ఆకుల రసం పీల్చే ఒక నల్లి జాతి పురుగును విదేశాల నుంచి మన దేశానికి తెప్పించారు. అది ఆకులు రాల్చగలిగింది కానీ తుప్పను చంపలేకపోయింది. వానలు పడితే మళ్లీ పచ్చబడుతుంది. నాగజెముడు విషయంలో ఇలాంటి పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. దక్షిణాదిన ఎకరాలకెకరాలు కమ్మేసిన ఆ ముళ్ల మొక్కను కోచినీల్ పురుగు తినేసింది. లాంటానా ఒక్క జాతిలా కనిపించినా, తోటల కోసం మనుషులు సంకరపరిచిన ఎన్నో రకాల కలగలుపు. ఒక రకాన్ని తినే పురుగు ఇంకొక దాన్ని ముట్టదు.

## తీశాక

తీసిన తుప్పల్ని ఎక్కడ పడేయాలి?

కాయలున్న కొమ్మల్ని విడిగా గోనెసంచిలో వేయండి. మూతి కట్టి ఎండలో ఉంచి, బాగా కుళ్లాక లోతుగా పూడ్చండి. కాయ లేని కొమ్మల్ని అక్కడే వాలుకు అడ్డంగా గట్టులా పేర్చితే మట్టి కొట్టుకుపోకుండా ఆపుతాయి, కాలక్రమేణా ఎరువవుతాయి. గెడ్డ ఒడ్డున కుప్ప పోయొద్దు. రెండో ఏడు మేం నల్ల కాయలున్న కుప్పను అలాగే ఒక గెడ్డ పక్కన వదిలేశాం. వచ్చిన వానకు గెడ్డ పొడవునా లాంటానా మొలిచింది. దాన్ని ఏరడానికి మూడు నెలల ఆదివారాలు పట్టాయి.

దీనితో ఏమైనా చేసుకోవచ్చా?

చేస్తున్నారు. కర్ణాటకలోని మలై మహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు లాంటానా కర్రను ఉడకబెట్టి, బెరడు తీసి కుర్చీలు, బుట్టలు అల్లుతారు. చూడటానికి పేము కుర్చీలానే ఉంటుంది, చెద పెద్దగా పట్టదు. నీలగిరుల్లో ఇదే కర్రతో నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేశారు, అవి 2021లో లండన్ పార్కుల్లో నిలబడ్డాయి. మన దగ్గర వంటచెరకుగా వాడతారు. పనికొస్తుంది కదా అని పెంచే ఆలోచన మాత్రం వద్దు. ఉన్నదాన్ని తీయడానికి కూలి గిట్టితే అంతవరకు మంచిదే.

ఆ జాగాలో ఏం నాటాలి?

ఏమీ నాటకపోతే ఆ జాగా మళ్లీ లాంటానాదే. ముందు గడ్డి రానివ్వండి. పక్క వాలు మీది గడ్డి కంకులు దులిపి చల్లితే ఒక్క వర్షాకాలంలో నేల కప్పుకుంటుంది. తర్వాత తంగేడు. గింజ చల్లితే చాలు, రెండో ఏటికే పూస్తుంది. ఆ పసుపు కోసమైనా తంగేడు వేయండి. ఆ వెనుక బలుసు, వాక్కాయ, పరిమి, ఈత. పెద్ద చెట్లకు కానుగ, రేల, వేప, నేరేడు, పాల. ఉప్పు గాలి నేరుగా తగిలే వైపు కానుగ బాగా నిలబడింది మాకు.

బలుసు మొక్క అడిగితే నర్సరీలో నవ్వారు, "బతికుంటే బలుసాకు" సామెత తప్ప మొక్కగా ఎవరూ అడగరట. మేం కొండ మీది పాత పొదల కింద పండ్లు ఏరి, కడిగి, పాల ప్యాకెట్లలో మొలిపించుకున్నాం. జూన్, జూలైలో నాటితే నవంబర్ దాకా వాన ఆదుకుంటుంది. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఒకసారైనా నీళ్లు మోయాలి. ఇందులో తేలిక దారి లేదు.

ఎన్నేళ్లు చూసుకోవాలి? ఒక్కసారి తీస్తే అయిపోదా?

అయిపోదు. మట్టిలో పడిన గింజ కొన్నేళ్ల పాటు బతికి ఉంటుంది. మొదటి ఏడాది వానల్లో నెలకోసారి, రెండో ఏడాది రెండు నెలలకోసారి, తర్వాత ఏడాదికి రెండుసార్లు తిరిగి రండి. మొలక వేలెడు ఉన్నప్పుడు పీకడానికి రెండు క్షణాలు, ఏడాది వదిలేస్తే గునపం కావాలి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఎకరం వద్దు, పది సెంట్లు చాలు అంటాను. ఐదేళ్లు తిరిగి చూడగలిగినంతే తీయండి.

మేం నాటనివి ఏవో మొలుస్తున్నాయి. అన్నీ పీకేయాలా?

ఆగండి. ఒక్కొక్కటి చూడండి. ఆకు గరుకుగా, అంచు రంపంలా ఉండి, నలిపితే ఆ ఘాటు వాసన వస్తే లాంటానా, పీకేయండి. చిన్న ఆకులు జతలు జతలుగా ఈనెకు రెండు వైపులా ఉంటే తంగేడు కావచ్చు. ఆకు నున్నగా నిగనిగలాడుతుంటే కానుగ. జతల ఆకులే కానీ అంచు నున్నగా ఉండి, కణుపు దగ్గర ఎదురెదురుగా నిటారు ముళ్లుంటే బలుసు. ఎంత చూసినా తేలకపోతే ఇంకో నెల వదిలేయండి, నెలకు కొంప మునిగిపోదు.

పోయిన ఆగస్టులో మా వాలు మీద ఎవరూ నాటని బలుసు మొక్కలు పదకొండు కనిపించాయి. ఏ పిట్ట తెచ్చిందో. ఒక్కోదాని పక్కన పుల్ల పాతి ఎర్ర గుడ్డ పీలిక కట్టాం, కొత్తగా వచ్చినవాళ్లు పొరపాటున పీకకుండా.